గట్టు ఎక్కించని కారు

2022 మే నెల. రామచంద్రపురంలో షెడ్డు పెట్టి అప్పటికి పదకొండేళ్ళయింది నాకు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తప్ప వేరే పని ముట్టుకోను. మా వైపు ఈ పని తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి, సెకండ్ హ్యాండులో పెద్ద కారు కొనాలనుకున్నవాళ్ళు ముందు నన్ను వెంటబెట్టుకెళ్ళి చూపిస్తారు. నేను "బాగుంది" అంటే కొంటారు, పెదవి విరిస్తే మానేస్తారు. మనిషిగా నాకు నిలకడ తక్కువ. కూర్చున్న చోట ఐదు నిమిషాలు కూర్చోలేనని మా ఆవిడ ఎప్పుడూ అంటూ ఉంటుంది. కానీ కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు మాత్రం నాకంటే నిదానస్తుడు లేడని నాకో గర్వం ఉండేది.

ఖరీదైన కారు ఎనిమిదేళ్ళు తిరిగాక మామూలువాళ్ళకి అందే ధరకి దిగుతుంది. ఇంజను గట్టిగానే ఉంటుంది, తోలు సీట్లు మెరుస్తూనే ఉంటాయి. రోగమంటూ ఉంటే చాలాసార్లు గేర్‌బాక్సులోనే ఉంటుంది. మామూలు కారులో క్లచ్ అరిగితే నడిపేవాడి కాలికే తెలిసిపోతుంది. ఆటోమేటిక్‌లో అలా కాదు. లోపలి క్లచ్ ప్లేట్లను ఏటీఎఫ్ అనే నూనె తన ఒత్తిడితో బిగిస్తుంది. నూనె చల్లగా, చిక్కగా ఉన్నంతసేపూ దాన్ని కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు అరిగినా ఎలాగో నెట్టుకొస్తాయి. వేడెక్కి పల్చబడగానే ఒత్తిడి సందుల్లోంచి జారిపోతుంది. ఆ ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువ కావలసింది రివర్స్‌కి.

అందుకని అసలు సంగతి తెలియాలంటే కారుని గంటసేపు నడిపి, బాగా వేడెక్కించి, ఏదైనా ఎత్తు మీదికి వెనక్కి ఎక్కించి చూడాలి. మా డెల్టాలో ఎత్తులెక్కడివి? ఎటు చూసినా వరిచేలు, కొబ్బరితోటలు, వాటి మధ్య బల్లపరుపుగా రోడ్లు. ఇక్కడ కారు పదేళ్ళు తిరిగినా దానికి ఎక్కడమంటే ఏమిటో తెలియదు. ఉన్న ఎత్తల్లా ఏటిగట్టే. ఎంత దూరమైనా సరే, చూడ్డానికి వెళ్ళిన ప్రతి కారునీ గట్టు ర్యాంపు దాకా తీసుకెళ్ళి వెనక్కి ఎక్కించేవాణ్ణి. ఒక్క కారుని తప్ప.

ఆ కారు కొన్నాయన నూకరాజు గారు. యానాం దగ్గర వేట మీద బతికే కుటుంబం. సొంత బోటు, చేపల వ్యాపారం, ఆ చేపలు తోలడానికి ఒక వ్యాను. ఆ వ్యాను ఆయనే నడిపేవారు. మూడేళ్ళ కిందట వల లాగే వించి మిషను తాడులో కాలు చిక్కుకుని ఎడమ పాదం పోయింది. పెట్టుడు పాదంతో నాలుగడుగులు వేయగలరు కానీ క్లచ్ తొక్కలేరు. వ్యానుకి డ్రైవర్ని పెట్టుకున్నారు. ఆసుపత్రికైనా, పెళ్ళికైనా ఎవరో ఒకరు తీసుకెళ్ళాలి, ఎవరో ఒకరు తీసుకురావాలి. ఆటోమేటిక్‌లో కుడికాలొక్కటే చాలని ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చారు. 

"చిన్న కారు చాలు కదండీ? కొత్తదే వస్తుంది," అన్నాను. 

"చిన్న కారైతే కాలు లేదు కాబట్టి కొన్నాడంటారండి. పెద్ద కారైతే కలిగింది కాబట్టి కొన్నాడంటారు," అన్నారాయన. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. 

మండపేటలో ఒక రైసుమిల్లు యజమాని కారు కుదిరింది. ఆయన మోసగాడు కాదు, ఆ మాట ఇప్పటికీ చెబుతాను. సర్వీసు కాగితాలన్నీ తెచ్చి ముందు పెట్టాడు. స్కానర్ తగిలించి చూశాను, లోపం చూపే కోడ్ ఒక్కటీ లేదు. నూనె మాడు వాసన లేదు. పది కిలోమీటర్లు నడిపాను, గేరు మారినట్టే తెలియలేదు. తిరిగొచ్చి మిల్లు ముందు ఆపి రివర్స్ వేశాను. లీవరు పడ్డాక కారు కదలడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. మళ్ళీ వేశాను, మళ్ళీ అంతే. 

"ఇంకో అరగంట తిప్పి, గట్టు దగ్గరికి తీసుకెళ్ళి చూద్దామండి," అన్నాను. 

నూకరాజు గారి తల్లి మంగమ్మ గారు అప్పటికే పళ్ళెంలో నిమ్మకాయలు, కొబ్బరికాయ, పసుపు కుంకుమ సిద్ధం చేసుకుని కూర్చున్నారు. "బాబూ, పదీ నలభై లోపల మనోడు స్టీరింగు పట్టుకోవాలి. తర్వాత వర్జ్యం అన్నారు పంతులుగారు," అన్నారావిడ. టైము పదీ ఇరవై అయింది. నూకరాజు గారు కారు తలుపు మీద చెయ్యి వేసి నా మొహం వైపు చూస్తూ నిలబడ్డారు. మూడేళ్ళుగా ఎక్కని డ్రైవర్ సీటు అది. ఆ చూపుకి నేను తట్టుకోలేకపోయాను. పెద్ద కార్లకి ఒక క్షణం మామూలేలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, "బాగుందండి, తీసుకోండి," అన్నాను. 

చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. ఆయన ఎడమకాలు పక్కకి పెట్టుకుని, కుడికాలితో మెల్లగా నొక్కి ముందుకి పోనిచ్చారు. వెనక్కి తీయాల్సిన పనే రాలేదు. మిల్లుకి రెండు గేట్లు, లారీలు ఒకదాంట్లోంచి వచ్చి ఇంకోదాంట్లోంచి పోతాయి. ఎనిమిదేళ్ళుగా ఈ కారు కూడా అలాగే తిరిగింది. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ రెండో గేటు సంగతి తట్టింది నాకు. వెనక్కి నడవాల్సిన అవసరమే లేని కారుకి రివర్స్ పోయిందో లేదో ఎవరికి తెలుస్తుంది? 

ఆ తర్వాత తొమ్మిది రోజులు నా మనసు నా దగ్గర లేదు. షెడ్డులో ఇంకో గేర్‌బాక్సు విప్పి కూర్చునేవాణ్ణి. చేతిలో స్పానర్ ఉండేది, బుర్రలో ఆ ఒక్క క్షణం ఉండేది. ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి, మోగకపోతే అంతకన్నా కంగారు. రెండుసార్లు నేనే చేశాను. 

"ఎలా ఉందండి బండి?" 

"బ్రహ్మాండంగా ఉందండి. నిన్న కాకినాడ వెళ్ళొచ్చాను, నేనొక్కణ్ణే." 

ఆ "నేనొక్కణ్ణే" విన్నాక ఒకసారి మళ్ళీ చూస్తాను తీసుకురండి అనకుండానే ఫోను పెట్టేశాను. నా మాట పోతుందన్న భయమూ ఉంది, దాచడం దేనికి? 

పదో రోజు పొద్దున ఆయనే ఫోను చేశారు. అమ్మని తీసుకుని చుట్టాలింటికి వెళుతున్నానని, పంటు మీద ఏరు దాటుతామని చెప్పారు. 

"వంతెన ఉండగా పంటు ఎందుకండీ?" అన్నాను. 

"నీళ్ళ మీదికెళ్ళి మూడేళ్ళయిందండి. నా కారులో నేను కూర్చుని దాటాలనుంది," అన్నారు. 

పంటంటే రెండు పడవల్ని జోడించి పైన చెక్కలు పరిచింది. మా దగ్గరి రేవులో దానికి ఒకవైపే దారి. కారు ముందుకి ఎక్కుతుంది, అవతలి ఒడ్డున అదే వైపు నుంచి వెనక్కి దిగాలి. దిగడమంటే నిజానికి రేవు ఏటవాలు మీదికి వెనక్కి ఎక్కడమే. కారు ముందువైపున అడ్డంగా ఒక గొలుసు, ఆ తర్వాత గోదావరి. అదంతా నాకు తట్టేసరికి ఆయన ఫోను పెట్టేశారు. ఆగమందామని మళ్ళీ చేస్తే ఫోను తీయలేదు. బైకు తీసుకుని బయల్దేరాను. 

నేను రేవుకి చేరేసరికి పంటు తాళ్ళు విప్పుతున్నారు. బైకు ఒడ్డునే పడేసి ఎక్కేశాను. కారు అప్పటికే చివర ఉంది, దాని వెనక నాలుగైదు మోటారు సైకిళ్ళు. వరస కోసం అరగంట ఎండలో ఆగారట, ఏసీ కోసం ఇంజను ఆపలేదు. నూనె ఎంత వేడెక్కి ఉంటుందో నాకు తెలుసు. అద్దం దించి నూకరాజు గారు ఆశ్చర్యంగా చూశారు. 

"సత్తిబాబు గారూ, మీరేంటండీ ఇక్కడ?" 

"ముందు ఇంజను ఆపండి. మీకో మాట చెప్పాలి." 

ఏటి మధ్యలో చెప్పేశాను. రివర్స్ ఆలస్యంగా పడిందని, అది నేను గమనించానని, గట్టు దగ్గర చూడాల్సింది చూడకుండా బాగుందని చెప్పానని. వెనక సీట్లోంచి మంగమ్మ గారు, "ముహూర్తం దాటితే దాటింది, ఆ రోజే చెప్పొచ్చు కదా బాబూ," అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది నాకు. 

అవతలి ఒడ్డున ముందు ఆవిడ్ని దింపాం. మోటారు సైకిళ్ళు వెళ్ళిపోయాయి. పంటు నడిపే సరంగుతో చెప్పి ముందు చక్రాలకి చెక్కదిమ్మలు అడ్డం పెట్టించాను. నూకరాజు గారు రివర్స్ వేశారు. ఒకటి, రెండు, మూడు. ఇంజను హోరుమంది. కారు మూరెడు వెనక్కి వెళ్ళి, అక్కడ పట్టు వదిలేసి, తన బరువుకే కిందికి వంగిన పంటు చెక్కల మీద ముందుకి జారి దిమ్మలకి కొట్టుకుని ఆగింది. గొలుసు కదిలిన చప్పుడు వినిపించింది. ఆ దిమ్మలు లేకపోతే అన్న ఆలోచన ఇప్పటికీ పూర్తిగా ఆలోచించలేను. 

"తాడు కట్టి పదిమందిమి లాగేస్తాం, ఎంతసేపు," అన్నాడు సరంగు. 

"వద్దు," అన్నారు నూకరాజు గారు. "మూడేళ్ళు నన్ను జనం మోశారు. నా కారుని కూడా మోయించకండి." 

నాకు తెలిసిన దారి ఒకటే ఉంది. నూనె చల్లారితే ఒక్కసారి పట్టు దొరుకుతుంది. కానీ కారు చల్లారేదాకా పంటు ఆగదు కదా. సరంగు కాసేపు గొణిగి, చివరికి కారుని అలాగే ఉంచి తిప్పడానికి ఒప్పుకున్నాడు. మంగమ్మ గారు ఒడ్డున పాకలో కూర్చున్నారు. మేమిద్దరం బానెట్ ఎత్తి పెట్టుకుని, గాలికి కారుని వదిలేసి, ఏరు ఇటూ అటూ రెండుసార్లు తిరిగాం. నేను ఒకచోట నిలబడలేక కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను, గేర్‌బాక్సు కింద చెయ్యి పెట్టి చూడ్డం, మళ్ళీ తిరగడం. ఆయన మాత్రం డ్రైవర్ సీట్లోంచి కదల్లేదు. అక్కడ ఏ చేపలు పడేవో, వరద రోజుల్లో సుడి ఎక్కడ ఉంటుందో వేలు పెట్టి చూపించారు. నన్ను ఒక్క మాట అనలేదు. 

మూడోసారి ఆ ఒడ్డుకి చేరాక చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి ఉంది. "ఇప్పుడు చూడండి, మెల్లగా," అన్నాను. 

"మీరూ ఎక్కండి," అన్నారాయన. 

పక్క సీట్లో కూర్చున్నాను. నా ఎదురుగా అద్దంలోంచి గొలుసు, నీళ్ళు. ఆయన రివర్స్ వేశారు. ఒకటి, రెండు. పట్టింది. కారు వణుకుతూ చెక్కల మీంచి ఏటవాలు ఎక్కి, గట్టు మీద బల్లపరుపు నేలకి చేరింది. ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. నా సంగతి చెప్పక్కర్లేదు. 

మర్నాడు పొద్దున్నే, కారు చల్లగా ఉండగానే, వంతెన మీదుగా షెడ్డుకి రప్పించి గేర్‌బాక్సు విప్పాను. రివర్స్ క్లచ్‌ని నొక్కే పిస్టన్ సీళ్ళు గట్టిబడి అంచులు అరిగిపోయి ఉన్నాయి. మార్చాను, ఖర్చు నాదే అన్నాను, ఆయన సగానికే ఒప్పుకుని మిగతా సగం తనే ఇచ్చారు. 

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది. గట్టు ఎక్కించి చూడని కారు గురించి మంచీ చెప్పను, చెడూ చెప్పను, "నాకు తెలియదండి" అంటాను. వర్జ్యం వచ్చినా, రాహుకాలం వచ్చినా, కొనేవాళ్ళు మొహం మాడ్చుకున్నా అదే మాట. ఆ మాట అనడానికి పదకొండేళ్ళు పట్టింది నాకు. 

నూకరాజు గారు ఇప్పటికీ ఏడాదికోసారి నూనె మార్పించుకోవడానికి వస్తారు. పనయ్యాక, అంతా బాగుందని చెప్పబోతే చెయ్యి అడ్డం పెడతారు. 

"నోటితో చెప్పకండి సత్తిబాబు గారూ. ఎక్కి కూర్చోండి." 

ఇద్దరం ఏటిగట్టు దాకా వెళతాం. ఆయన వెనక్కి ఎక్కిస్తారు, నేను పక్కన కదలకుండా కూర్చుంటాను.