ఎడమచేతికి ఎక్కిన గ్లూకోజ్ సీసా

ఆ రోజు నౌబాద్‌లో నేను పనిచేసే లేత్ షాపు ముందు బండికి స్టాండ్ వేస్తుంటే, ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. ఎడమ దవడ దాకా లాగింది. "గ్యాస్ ఉంటది, సోడా తాగు" అన్నారు తోటివాళ్లు. తాగాను. నాలుగు రోజులు తాగాను. గుండెకు సోడాతో వైద్యం చేసుకున్న మహానుభావుణ్ణి నేను!

ఐదో రోజు మెట్ల మీద కూలబడితే నా భార్య సుజాత లాక్కెళ్లి ఈసీజీ తీయించింది. తర్వాత కుడి మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ చేశారు. మూడు బ్లాకులు. హైదరాబాద్‌లో సర్జన్ కాగితం మీద గుండె గీసి చూపించాడు.

"ఛాతీ లోపలి ఆర్టరీ ఒకటి, ఎడమచేతి ఆర్టరీ ఒకటి, కాలి వెయిన్ ఒకటి వాడి బైపాస్ చేస్తాం. నీకు నలభై ఆరేళ్లే. కాలి వెయిన్ కంటే ఆర్టరీతో వేసిన గ్రాఫ్ట్ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆపరేషన్ దాకా ఆ ఎడమచేతికి సూది తగలనీయొద్దు."

మా పాప ఇంకా ఆరో తరగతి. "ఎక్కువ కాలం" అన్న మాటే నాకు చెవుల్లో నిలిచింది.

ఆపరేషన్‌కు వారం ఉందనగా మన్నాఏఖేళ్ళి నుంచి మేనమామ నర్సింలు దిగాడు. మా వాళ్లకు ఏ రోగానికైనా మందు ఒక్కటే, గ్లూకోజ్ సీసా.

"గిట్ల పీనుగ లెక్క పోతే కోత తట్టుకుంటవా అల్లుడా? ఒక్క సీసా ఎక్కిచ్చుకో, తాకత్ వస్తది."

"ఎడమచేతికి సూది వద్దన్నరు మామా. కుడిచెయ్యేమో ఇంకా కమిలే ఉంది."

"డాక్టర్లు అట్లనే డరాయిస్తరు తియ్!"

"గుండె కోసెటోనికి తెల్వదా, నీకు తెలుస్తదా?" అని సుజాత మామకు అడ్డం పడింది. ఎవరు విన్నారు? ఆర్ఎంపీ డాక్టరు సీసాతో వచ్చాడు. నేనే ఎడమచెయ్యి చాపాను.

తెల్లారేసరికి చెయ్యి మోచేతి దాకా వాచి ఎర్రబడింది. చూసిన సర్జన్ మొహం చిట్లించాడు. "ఆ సీసాలో ఉన్నవి చక్కెర నీళ్లయ్యా!" అన్నాడు. యాంటీబయాటిక్స్ వాడాల్సి వచ్చి ఆపరేషన్ వెనక్కి పోయింది. ఇన్‌ఫెక్షన్ తగ్గినా ఆ చేతి ఆర్టరీ తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. ఛాతీ ఆర్టరీ ఒకటి, మిగతా రెండూ కాలి వెయిన్‌లే వేశారు. ఆ కాలి కోత రెండు నెలలు రసి కారింది.

ఇప్పుడు రోజూ నడుస్తున్నాను, లేత్ మీద పని చేస్తున్నాను. మామ మాత్రం పెళ్లిళ్లలో, "నేను సీసా ఎక్కియ్యకపోతే బతికెటోడే కాదు" అని చెప్పుకు తిరుగుతున్నాడు. సిగ్గులేని మనిషి! అంతకంటే సిగ్గులేనివాణ్ణి నేను, తెలిసి చెయ్యి చాపాను.

మొన్న చెకప్‌లో, "ఈ కాలి వెయిన్‌లు ఎన్నేళ్లు నిలుస్తయి సార్?" అని అడిగాను. "చూద్దాం" అన్నాడు సర్జన్.

ఏ చేతికి సూది వద్దంటే ఆ చేతి మీద పెన్నుతో పెద్దగా రాసుకోండి: సూది వద్దు. మామలకు కాదు, మీరు చదువుకోవడానికి.