శబరి ఒడ్డు కొండలూ, నేను తిన్న మామిడిపండూ

దూరపు కొండలు నునుపని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నాకు బుద్ధి రాలేదు. కూనవరంలో బడిపంతులుగా చేరిన నాటి నుంచీ, శబరికి ఎగువన బస్తరు సంస్థానం వైపు నీలంగా కనబడే కొండలను చూస్తూనే పిల్లలకు లెక్కలు చెప్పాను. ఆరేళ్ళు చూశాక ఇక కాళ్ళు ఆగలేదు. వేసవి సెలవులిచ్చిన మర్నాడే బయలుదేరాను. వెంట ఒక గొడుగు, ఒక దుప్పటి, మా ఆవిడ కట్టిచ్చిన అటుకుల మూట, వీటన్నిటికంటే బరువైన నా బొజ్జ.

ఉదయం ఆరింటికి కూనవరం రేవులో నాటుపడవ ఎక్కాను. కోంటకు మనిషికి ఆరణాలు. ఎండాకాలం కదా, నీళ్ళు తక్కువ. ఇసుక అడ్డొచ్చిన చోటల్లా అందరం దిగి మోకాలి లోతులో నడిచి, మళ్ళీ ఎక్కాం. నా పక్కన ఉప్పు బస్తా మీద కూర్చున్న ముసలావిడ, నేను కొండ చూడ్డానికి పోతున్నానని విని ఆశ్చర్యపోయింది.

"ఏంది, ఊరకే ఎక్కి ఊరకే దిగుతవా? కట్టెలు గూడ తేవా?"

తేనన్నాను. ఆమె జాలిపడి రెండు తాటిముంజలు చేతిలో పెట్టింది.

సాయంత్రం నాలుగున్నరకు కోంట చేరాం. రేవు గట్టున సుంకం నాకా దగ్గర సంస్థానం జవాను పేరూ ఊరూ రాసుకొని, పనేమిటని అడిగాడు. కొండ చూడాలని, నాకొచ్చిన హిందీ కూడబలుక్కొని "పహాడ్ దేఖ్‌నా" అన్నాను. అతను గుమాస్తాను చూశాడు, గుమాస్తా నా బొజ్జను చూశాడు, ఇద్దరూ నన్ను వదిలేశారు.

బస మా పెదనాన్న కొడుకు వెంకటరత్నం అన్నయ్య ఇంట్లో. అక్కడ చింతపండూ సారపప్పూ కొనే వ్యాపారి. ఇరవై ఏళ్ళుగా ఆ కొండల నీడనే ఉంటూ ఒక్కటీ ఎక్కని మహానుభావుడు. నాకు తోడుగా గంగయ్యను కుదిర్చాడు. గంగయ్య దోర్ల తెగ రైతు. ఊరికి మూడు మైళ్ళ ఎగువన, కొండ కింది పల్లె అతనిది. ఆ పల్లెకు పూజారి ఇల్లు వాళ్ళది. తండ్రి పోయిన ఏడు పోయాడు. ఎల్లుండి పొద్దున జరిగే కొత్త మామిడి పండుగే గంగయ్య చేతుల మీద మొదటిది.

భోజనాల దగ్గర అన్నయ్య గట్టిగా చెప్పాడు. "ఆ పండుగయ్యేదాకా వాళ్ళ మట్టి మీద కాసిన మామిడిని ఎవరూ నోట పెట్టరురా. గుర్తుంచుకో."

గుర్తుంచుకున్నాను. కొండ ఎక్కేదాకా.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి నడక మొదలు. నేల నిండా ఇప్పపూలు రాలి, ఆ వాసనకే సగం మత్తెక్కింది. ఏడున్నరకు మొదటి బండ చేరాం. అక్కడి నుంచి శబరి మూడు మెలికలు కనబడింది. అవతలి ఒడ్డు జయపురం రాజావారిది, దిగువన మా మద్రాసు సర్కారు, నా కాళ్ళ కింద బస్తరు. మూడు ప్రభుత్వాలను ఒక్కసారే కిందికి చూసేసరికి నాకు నవ్వాగలేదు. చేతులు చాపి, మా తాలూకా బోర్డు ప్రెసిడెంటు మాట్లాడినట్టు ఉపన్యాసం మొదలుపెట్టాను. గంగయ్య బండ మీద కూర్చొని చుట్ట కాలుస్తూ ఓపిగ్గా విన్నాడు.

"పైన ఇంకా బాగుంటది పంతులూ," అన్నాడు చివరికి.

తొమ్మిదింటికి కొండ నెత్తికి చేరాం. ఎటు చూసినా అడవే. నదిలో ఇసుక తెల్లగా మెరుస్తోంది. గాలి నా గొడుగును వెనక్కి తిప్పి పారేసింది. నేను గట్టు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాను, నలభై రెండేళ్ళవాణ్ణి, మళ్ళీ వెనక్కి పరుగెత్తాను. గంగయ్య దిగువ ఊటలో నీళ్ళు పట్టడానికి వెళ్ళాడు. గట్టు మీద నేను నిలబడ్డ చోటే ఓ మామిడి చెట్టుంది. కింద పసుపుపచ్చని పండొకటి పడి ఉంది. చూపు నది మీదే ఉంది, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. సొరబుర్రలో నీళ్ళతో గంగయ్య వచ్చేసరికి నేను టెంక చీకుతున్నాను.

అతను అరవలేదు. నీళ్ళబుర్ర కింద పెట్టి, చెట్టును చూసి, నన్ను చూసి, నేల మీద కూలబడ్డాడు.

"గిట్ల చేసినవేంది పంతులూ."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. మిగతాది గంగయ్య చెప్పాడు. పూజారి వెంట వచ్చిన మనిషి తప్పు చేస్తే ఆ తప్పు పూజారిదేనట. పూజారితనం తనకు రావాలని కాచుకున్న చిన్నాయన ఒకడున్నాడట. ఎవరూ చూడలేదు కదా, మనిద్దరి మధ్యే ఉంచుకుందామన్నాను.

"భూమి తల్లికి తెలిసినంక ఇంకెవరికి దాచాలె," అన్నాడు గంగయ్య.

పన్నెండింటికి పల్లె చేరగానే తనే అందరికీ చెప్పేశాడు. చిన్నాయన ఎగిరిపడ్డాడు. పండుగ తన చేతికివ్వమన్నాడు. ముత్తమ్మ అనే పండు ముసలమ్మ అందరినీ ఆపింది. ఆ పల్లెలో ఆమె మాటకు ఎదురు లేదు.

"ఆ చెట్టు కొండ నెత్తి మీద ఉన్నది. ఆడ పడ్డ వాన ఇటు దిగితే మన మట్టి, అటు దిగితే అవతలూరి మట్టి. వాళ్ళకు పండుగ మొన్ననే అయింది. పోయి నీళ్ళు పోసి చూద్దాం."

మూడింటికి మళ్ళీ కొండ. ఈసారి పాతికమంది. ముత్తమ్మ కర్ర పట్టుకొని నాకంటే ముందు ఎక్కింది. పైన నా టెంక చీమలు పట్టి కనబడింది, చక్కగా అవతలి వాలులో. అందరి మొహాలూ తేలికపడ్డాయి. గంగయ్య నవ్వబోయాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. పిల్లల లెక్కల్లో అరణా తప్పితే దిద్దకుండా నిద్రపోని పంతులుతనం మరి. "తినడం అక్కడే, ఏరుకున్నది ఇక్కడ," అని రెండడుగుల ఇవతల, సరిగ్గా గట్టు మీద చోటు చూపించాను. కొరివితో తల గోక్కున్నానని ఆ వెంటనే తెలిసింది. గంగయ్య నవ్వు మొహం మీదే ఆగిపోయింది. చిన్నాయన మాత్రం నన్ను ప్రేమగా చూశాడు.

ముత్తమ్మ అక్కడ నీళ్ళు పోసింది. నేల పీల్చుకుంది. మళ్ళీ పోసింది. మళ్ళీ పీల్చుకుంది. మూడోసారి బుర్ర ఖాళీ అయ్యేదాకా పోస్తే నీళ్ళు కాసేపు నిలిచి, ఒక పాయ ఇటు, ఒక పాయ అటు దిగాయి. పాతికమందిమీ వంగి చూశాం.

"రాత్రి కూసొని మాట్లాడుకుంటం," అంది ముత్తమ్మ.

కోంట నుంచి పడవ వారానికి రెండుసార్లే. ఆ పడవకే వస్తానని మా ఆవిడకు మాటిచ్చాను గనక మర్నాడు పొద్దున ఆరున్నరకు ఎక్కక తప్పలేదు. సంగతి తెలియకుండా పోతున్నందుకు ఏడుపొచ్చినంత పనైంది. అదృష్టం కొద్దీ పడవ నడిపే భీమయ్య ఆ పల్లెవాడే. గెడ వేస్తూ రాత్రి జరిగింది చెప్పాడు.

"ముత్తమ్మ అన్నది, టెంక ఆడ పడి ఉంటే ఊకోవచ్చు గదా, ఆ పంతులు ఊకోలే, గంగయ్య అంతకుముందే ఊకోలే, ఇసొంటోళ్ళను తల్లి కొట్టదు అని. చిన్నాయన ఒప్పుకోలే. నేను పడవకాడికి వచ్చేటాళ్ళకు ఇంకా తెగలే."

"మరి ఎలా తెలుస్తుంది?"

"గంగయ్య అయితే వాళ్ళయ్య లెక్క కొండ మీద పండుగ చేస్తడు, పొగ ఆడ లేస్తది. చిన్నాయన అయితే వాగుకాడ." నడుము గుడ్డలో ముడివేసిన మామిడిపండు తీసి ఒకసారి చూసుకొని మళ్ళీ ముడేశాడు.

ఏడయింది. ఏడుంపావయింది. పడవలో నలుగురం కొండవైపే కూర్చున్నాం. పడవ ఒక పక్కకు ఒరుగుతోందని భీమయ్య తిట్టినా కదల్లేదు. వాగువైపు చూడ్డానికి నాకు భయమేసి చూడలేదు. రెండో మెలిక తిరిగితే అడవి అడ్డొచ్చి ఆ కొండ కనబడదు.

నా తర్వాత రాబోయే వాళ్ళకు చెప్పేదింతే. ఏప్రిల్‌లో రండి, తెల్లవారుజామునే ఎక్కండి, బొజ్జ ఉన్నా ఫరవాలేదు. అక్కడ నిలబడినంత సంతోషం నాకు నా పెళ్ళినాడూ కలగలేదు, మా ఆవిడ క్షమించాలి. చెట్టు కింద ఏది కనబడినా మాత్రం పక్కనున్న మనిషిని అడగండి.

మెలిక దగ్గరపడుతుండగా భీమయ్య గెడ వేయడం ఆపాడు. కొండ నెత్తి మీద, చెట్టు పక్కన, సన్నటి తెల్లటి పొగ నిటారుగా లేచింది.

అతను ముడి విప్పి, పండును కొరికి, మిగతా సగం నాకిచ్చాడు.