సూది నొప్పికి స్తోత్రం

సహోదరులారా, సహోదరీలారా, ఇన్నేళ్లుగా మీ ఎదుట కెమెరా పట్టుకుని నిలబడ్డానే గాని నోరు తెరిచి నిలబడింది ఈ రోజే. మాట్లాడడం నాకు చేతగాదు. అయినా ప్రభువు చేసిన మేలును నోట్లోనే పెట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతావని నా భార్య గ్రేసమ్మ పట్టుబట్టింది. ఆమె మాట కాదనలేకా, నన్ను విడిపించిన దేవునికి మహిమ రావాలనీ వచ్చాను. కాస్త ఓపికతో వినండి.

నా చేతులను చూస్తే నాకే భయం పుట్టిన రోజులవి. మొదట వేళ్ల సందుల్లో దురద, తర్వాత ఎర్రటి పొక్కులు, ఆ పొక్కులు చితికి రసికారి, చర్మం ఎండిపోయి పగుళ్లిచ్చి, అన్నం కలుపుకుంటే కారం తగిలి కళ్లలో నీళ్లు తిరిగేవి! వేపాకు నూరి పూశాను, కొబ్బరినూనె పూశాను, పశువుల గాయాలకు పూసే మందు కూడా ఎవరో చెబితే పూశాను. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మణికట్టు దాకా పాకేది. చివరికి రెండు చేతులకూ పాత పంచె గుడ్డ చుట్టుకుని తిరిగేవాణ్ని.

నా పని ఏమిటో మీకు తెలుసు. నంద్యాలలో రైలుగేటు దగ్గర చిన్న స్టూడియో. పెళ్లి ఫోటోలు, బడిపిల్లల ఫోటోలు తీసి బతికేవాణ్ని. అయితే దేవుడు నా కళ్లకు ఇంకొక ఆకలి పెట్టాడు. తెల్లవారే లోపల సైకిలెక్కి నల్లమల అంచుకు పోయి, మంచులో కొండలు ఒకదాని వెనుక ఒకటి తేలుతుంటే తీసేవాణ్ని. ఎండకు నోరు తెరిచిన నల్లరేగడిని, నాపరాతి గోడ మీద వాలిన పొద్దును, ఆళ్లగడ్డలో శిల్పులు సగం చెక్కి వదిలిన రాళ్లను తీసేవాణ్ని. వాటిని పెద్ద సైజులో ప్రింటు వేసి, అట్టకు అంటించి, గోడకు తగిలించుకునే బొమ్మల్లాగా అమ్మాలని నా ఆశ. జనం నవ్వేవాళ్లు. "మనిషి లేకుండా ఫోటో ఏందప్పా? బీడు చేను చూడాలంటే మా చేనికే పోతాంగదా, దుడ్లిచ్చి కొనేదెందుకు?" అనేవాళ్లు. నిజమే, వాళ్ల మాటలో తప్పేముంది! అయినా నేను మానలేకపోయాను. ఆ రాళ్లలో, ఆ మట్టిలో, ఆ వెలుగులో నా సృష్టికర్త చేతిపని నాకు కనిపించేది. దాన్ని కాగితం మీదికి తేవడమే నా స్తుతి అనుకునేవాణ్ని.

ఆ చేతులకే తెగులు పట్టింది సహోదరులారా!

రోగం కన్నా దాని పేరు నన్ను ఎక్కువగా చంపింది. మా మేనమామకు కుష్ఠు వచ్చింది. నా చిన్నప్పుడు ఆయన్ను ఊరి బయట కొట్టంలో ఉంచి, మా అమ్మ దూరం నుంచే సంగటి ముద్ద పెట్టి వచ్చేది. ఆయన కొట్టం గడప దగ్గర కూర్చుని మేము బడికి పోతుంటే చూసేవాడు. మేము పరిగెత్తేవాళ్లం. ఆ కొట్టమే నా కళ్లలో మెదిలేది. ఊళ్లో జనం కూడా ఆ మాటే గుసగుసగా అనుకోవడం మొదలుపెట్టారు. స్టూడియోకు వచ్చినవాళ్లు ఫోటోల కవరు నా చేతి నుంచి తీసుకోకుండా "ఆడ పెట్టప్పా" అని బల్ల చూపించేవాళ్లు. మంగలి ఈ రోజు తీరిక లేదనేవాడు. మన మందిరంలో చాప మీద నా పక్కన చోటు ఖాళీగా ఉండేది. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి చెప్పడం లేదు. మీ చోట నేనున్నా, మేనమామను చూసి పరిగెత్తినవాణ్నే గదా, అలాగే దూరంగా జరిగేవాణ్నేమో.

గ్రేసమ్మ మాత్రం జరగలేదు. ఆమె ప్రాథమిక పాఠశాలలో టీచరు. బడి నుంచి వచ్చి నా చేతుల గుడ్డలు విప్పి, వేణ్నీళ్లతో కడిగి, మళ్లీ తన చేతులతోనే చుట్టేది. "డాక్టరు దగ్గరికి పోదాం పా అయ్యా" అని అడుగుతూనే ఉండేది. నేను కసిరేవాణ్ని. పోతే ఆ పేరు డాక్టరు నోటి నుంచి వస్తుంది, ఒకసారి వస్తే ఇక అది వెనక్కి పోదు. అందుకని నేను ప్రార్థన మాత్రమే చేసేవాణ్ని. ఉపవాసం కూడా ఉండేవాణ్ని. "ప్రభువా, ఈ చేతులు బాగుచెయ్యి, ఎవరికీ తెలియకుండా బాగుచెయ్యి" అని బతిమాలేవాణ్ని. పైకి విశ్వాసం, లోపల భయం! రెండూ ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుండేవి.

అలాంటి సమయంలో ఆళ్లగడ్డ పోవలసి వచ్చింది. అక్కడ ఓబులాచారి అని ఒక శిల్పి ఉండేవాడు. ఆయన దేవుళ్లు వేరు, మన విశ్వాసం వేరు, అయినా నా ఫోటోల మీద ఆయనకు ప్రాణం. తన పనిశాలలో ఎక్కడైనా కూర్చోనిచ్చేవాడు, ఎప్పుడు వెలుగు బాగుంటుందో నేను చెబితే అప్పటిదాకా రాయి జరపకుండా ఆగేవాడు. ఆయన ఉలి పట్టుకుని ఉన్న ఫోటో ఒకటి ఇవ్వడానికి పోయాను. గుడ్డ చుట్టిన చేతులతో ఫోటోను పక్కనున్న బండ మీద పెట్టి వెనక్కి తగ్గాను. ఆయన ఫోటో వైపు చూడలేదు, నా చేతుల వైపు చూశాడు.

"ఏందప్పా ఇది?" అని దగ్గరికి వచ్చాడు.

"వద్దన్నా, ముట్టుకోవద్దు," అన్నాను.

ఆయన వినలేదు. రాతిపొడి నిండిన చేత్తో నా చేతిని పట్టుకుని, గుడ్డ విప్పి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎన్ని నెలల తర్వాతో, నా భార్య కాని మనిషి నా చేయి పట్టుకోవడం! నాకు ఏడుపాగలేదు.

"డాక్టరుకు చూపిచ్చినావా?"

"భయమైతాందన్నా. ఆ రోగమే అంటే యాడికి పోవాల నేను?"

"ఉంటే ఉంటాది, లేకుంటే లేదు. నువ్వు చూపిచ్చుకోకుంటే పోతాదా? మందన్నా తెలుస్తాది గదా. ఇంట్లో ఆయమ్మ ఎంత నలిగిపోతాందో చూస్తాండావా లేదా?"

అంతే అన్నాడు. నా చేయి మాత్రం వదల్లేదు. బస్సు వచ్చేదాకా వీధి మొదట్లో నాతోనే నిలబడ్డాడు.

సహోదరులారా, ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చుని వస్తుంటే నా మనసులో ఒక వెలుగు పడింది. మన ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసినప్పుడు దూరంగా నిలబడి మాట మాత్రం చెప్పి ఉండవచ్చు, ఆయన మాటకు ఆ శక్తి లేదా? కానీ ఆయన చెయ్యి చాపి ముట్టాడు! ముందు ముట్టాడు, తర్వాతే శుద్ధి. నేను ఎన్నో మందిరాల్లో ఆ మాట విన్నాను గాని దాని రుచి ఆ రోజే నాకు తెలిసింది. నేను ఇన్నాళ్లూ స్వస్థత అడిగాను, ధైర్యం అడగలేదు. ఆ బస్సులోనే తల వంచి ఇలా ప్రార్థించాను: "తండ్రీ, ఆ రోగమే ఉంటే ఉందని వినే గుండె ఇవ్వు. నా చేతులు పోయినా నీ చెయ్యి నన్ను వదలదని నమ్మే మనసివ్వు. రేపే పోతాను." ఇంటికి రాగానే గ్రేసమ్మతో చెప్పాను. ఆమె బడికి సెలవు చెప్పి వచ్చి, దారికి సద్ది కట్టింది.

మర్నాడు కర్నూలులో ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గర కూర్చున్నాం. ఆయన నా చేతులు చూసి, కళ్లు మూసుకోమన్నాడు. దూదితో ఒకచోట తాకి "ఎక్కడ?" అన్నాడు. చూపించాను. మరొకచోట తాకాడు. చూపించాను. తర్వాత సూదితో గుచ్చాడు. అబ్బా! అని అరిచాను. ఇంకోచోట గుచ్చాడు, అక్కడా అరిచాను. మోచేతి దగ్గర నరం నొక్కి చూశాడు. కళ్లు తెరవమని, నవ్వుతూ అన్నాడు: "ఇంత గట్టిగా అరిచేవాడికి కుష్ఠు ఏమిటయ్యా? అందులో స్పర్శ పోతుంది. నీకు స్పర్శ నిక్షేపంగా ఉంది."

దేవునికి స్తోత్రం! నొప్పి కోసం దేవుణ్ని స్తుతించినవాడు మీలో ఎవరైనా ఉన్నారా? నేను ఆ రోజు స్తుతించాను! నొప్పి వద్దు వద్దని ఏడ్చిన మనిషిని, ఆ సూది గుచ్చిన చోటును ముద్దు పెట్టుకున్నాను! గ్రేసమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డాక్టరు ఇంకొక మాట కూడా చెప్పాడు, "ఒకవేళ అదే అయినా ఈ రోజుల్లో మందుంది, దానికి దాక్కోవలసిన పని లేదు" అని. అప్పుడు మా మేనమామ జ్ఞాపకం వచ్చి నా గుండె కలుక్కుమంది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. నువ్వేం పని చేస్తావు, చేతులు దేంట్లో పెడతావు అని డాక్టరు అడిగాడు. చెప్పాను. చీకటి గదిలో ఫోటో కాగితం మీద బొమ్మ పైకి తేవడానికి ఒక మందునీళ్లు ఉంటాయి, డెవలపర్ అంటాం. రోజూ దాంట్లో వట్టి చేతులు పెట్టి కాగితాలు తిప్పేవాణ్ని, మా గురువూ అలాగే చేసేవాడు. అదే నీ ఒంటికి పడలేదు, అది మానకపోతే ఏ పూత పూసినా లాభం లేదు, ఒక్క చుక్క తగిలినా మళ్లీ వస్తుంది అన్నాడు డాక్టరు. కుష్ఠు కాదని తేలింది, పని మాత్రం పోయింది! తిరుగుబస్సులో నేను సంతోషించాలో ఏడవాలో తెలియక కూర్చున్నాను. సాధారణ ఫోటోలైతే కర్నూలు పంపి కడిగించుకోవచ్చు. నా కొండలు, నా రాళ్లు అలా కుదరవు. ఎక్కడ నీడ ముదరాలి, ఎక్కడ వెలుగు ఆగాలి అనేది ప్రింటు వేసే చేతిలో ఉంటుంది. నా పాటను ఇంకొకడు పాడినట్టే అది.

అప్పుడు గ్రేసమ్మ అంది: "నా చేతులకేమైంది? నాకు నేర్పు."

"నీకు బడి ఉండాది, ఇల్లుండాది, నీకెందుకే ఇది?"

"నీ చేతులు కడిగినదాన్ని, నీ ఫోటోలు కడగలేనా? నేర్పుతావా లేదా చెప్పు!"

నేర్పాను. ఆమె రబ్బరు తొడుగులు వేసుకుని, వెదురు పట్టుకర్రలతో కాగితం తిప్పేది. నేను ఎర్రబల్బు వెలుగులో చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి చెప్పేవాణ్ని. మొదట్లో ఎన్ని కాగితాలు బొగ్గులయ్యాయో! ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో! "ఇంకా నల్లగా రానీ" అని నేను, "చాల్లే, ఆ మట్టికి కూడా ఊపిరాడనీ" అని ఆమె. ఆమె ఆపినచోట ఆపి చూస్తే, నా బీడు నేల మీద ఒక మెత్తదనం వచ్చి కూర్చునేది, అది నేను ఎప్పుడూ తేలేకపోయినది! మెల్లమెల్లగా నా చేతులు పొలుసులు రాల్చాయి, పగుళ్లు పూడాయి, కొత్త చర్మం వచ్చింది. దేవునికే మహిమ!

శ్రీశైలం డ్యాము పని జరుగుతున్న రోజులవి. సున్నిపెంటలో ప్రాజెక్టు క్వార్టర్లు నిండా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఇంజనీర్లు, వాళ్ల కుటుంబాలు. వాళ్ల గోడలు ఖాళీగా ఉంటాయి గదా అని గ్రేసమ్మే ఆలోచన చెప్పింది. ఫోటోల అట్టలు గుడ్డలో చుట్టి, బస్సెక్కి పోయి, ఇల్లిల్లూ తిరిగాను. కొందరు తలుపు వేశారు, కొందరు సినిమా తారల బొమ్మలు ఉన్నాయా అని అడిగారు. మధ్యాహ్నమయ్యే సరికి ఇక తిరిగిపోదామనుకున్నాను. చివరి వరుసలో ఒక ఇంజనీరుగారి భార్య, గోదావరి పక్క ఊరివారు, అరుగు మీద ఫోటోలన్నీ పరిచి చూపించమన్నారు. తొలివాన పడ్డ నల్లరేగడి ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నారు.

"వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఊరు నాకు రాళ్లూ దుమ్మూ తప్ప ఏమీ కాదండీ. మా ఊరి పచ్చదనం కోసం ఏడుస్తూనే ఉన్నాను. ఇదేమిటండీ, ఈ నేల ఇంత బాగుంటుందా?" అన్నారు.

ఆమె అది కొన్నారు. కొని, కింద మీ పేరు రాసివ్వండి అన్నారు. నా ఫోటో మీద పేరు రాయమని అడిగిన మొదటి మనిషి ఆమే! ఆమె ఇచ్చిన కలం పట్టుకుని, "అమ్మా, తీసింది నేను, ఈ రూపం తెచ్చింది నా భార్య" అని చెప్పి ఇద్దరి పేర్లూ రాశాను. ఆమె పక్క ఇళ్లవాళ్లను కేకేసి పిలిచారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మా బొమ్మలు అమ్ముడవుతూనే ఉన్నాయి. బదిలీ అయిపోయినవాళ్లు మన కొండలను, మన రాళ్లను ఏయే ఊళ్లకో మోసుకుపోయారు. మేము సంపన్నులమయ్యామని చెప్పను, పెళ్లి ఫోటోలు ఇప్పటికీ తీస్తున్నాను. కానీ దేవుడిచ్చిన కళ్లను కప్పిపెట్టకుండా బతుకుతున్నాం, అది చాలు.

ప్రియులారా, నేను ఈ సంగతిని చాలాసార్లు తలపోశాను. నా రోగం కుష్ఠు కాదని తేలినందుకే నేను దేవుణ్ని స్తుతిస్తున్నానా? అదే అని తేలి ఉంటే స్తుతించేవాణ్ని కానా? నాకు తెలిసింది ఇదే: నన్ను బంధించింది చేతుల మీది పుండు కాదు, భయం. ఆయన నన్ను మొదట దాని నుంచి విడిపించాడు, డాక్టరు ఇంకా నన్ను చూడకముందే, ఆ బస్సులోనే విడిపించాడు! తర్వాతవన్నీ ఆయన అదనంగా ఇచ్చినవి.

మీలో ఎవరైనా ఒంట్లోనో మనసులోనో ఏదైనా దాచుకుని, గుడ్డ చుట్టుకుని తిరుగుతుంటే, ప్రభువును నమ్మండి. ఆయన ముట్టడానికి వెనుకాడే దేవుడు కాడు. ప్రార్థన చేయండి, చేసి లేచి నడవండి, చూపించుకోండి. ఒక్కరే పోవడానికి భయమైతే ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. కర్నూలు బస్సు పొద్దున్నే ఉంది. నేను మీ పక్కనే కూర్చుని వస్తాను.