బురదక్క ఇచ్చిన వేరు

పరిశోధన కేంద్రం వెనక రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా వరి వేళ్లు కడగడమే ఆమె ఉద్యోగం. మట్టిముద్దను జల్లెడలో పెట్టి, కుళాయి సన్నగా వదిలి, ఒక్క పోగు తెగకుండా మట్టి వదిలించాలి. ఆఫీసులో అందరూ బురదక్క అంటారు. పెద్దసారు అదీ అనడు. ఆయనకు ఆమె పేరుతో ఎప్పుడూ పని పడలేదు, బురదతో అసలే పడలేదు. పొలానికి వచ్చినా గట్టు మీంచే చూసి, బూట్లు దులుపుకుని పోతాడు. ఈయన వరి మీద మహా పండితుడు.

బురదక్క చేతులకు మాత్రం అన్నీ తెలుసు. నీళ్లు నిలిచిన మడిలో వేరు పైపైనే సోమరిగా పాకుతుంది. తుప్పు రంగు, లోపల డొల్ల. నేలను ఆరబెట్టి ఆరబెట్టి నీళ్లిచ్చిన మడిలో అదే వేరు తడి వెతుక్కుంటూ లోతుకు పోతుంది, తెల్లగా, గుబురుగా.

ఆ యేడు సారు కొత్త విత్తనం తెచ్చాడు. మూడు తడులిస్తే చాలట, ఆరబెట్టిన మడిలోనూ నిండు వెన్నులు వేసిందట. ఆ మడి ముద్ద కడిగితే అన్నీ తుప్పు పట్టిన పొట్టి వేళ్లే. బురదక్కకు నవ్వొచ్చింది. పంపు నడిపే ముసలాయన ఎండే పైరును చూడలేడు. సారు కారు గేటు దాటగానే ఆ మడికీ నీళ్లు వదిలేవాడు. పంట చేతికొచ్చేదాకా ఇదే భాగోతం.

"సార్, ఈ మొక్క నీటి కరువు చూడలేదు. ఎవరో నీళ్లు పెట్టారు."

"కడగడం నీ పని. ఆలోచించడానికి మేమున్నాం."

అక్కడితో వదిలేసేదే. కానీ ఆమె తమ్ముడు ఉన్న రెండెకరాల్లోనూ రైతుల సభలో పంచే ఆ విత్తనమే వేస్తానని, తన నీళ్ల వంతు పక్క రైతుకు ఇచ్చేస్తానని కూర్చున్నాడు. పైరు పొట్ట మీదున్నప్పుడు నీళ్లు లేకపోతే మిగిలేది గింజ లేని తాలే.

"ఆయన అన్నేళ్లు చదివాడక్కా. నువ్వు బురద కడుగుతావు," అన్నాడు, చిన్నప్పుడు తన ముక్కు తుడిచిన అక్కతో. ఇద్దరినీ ఒకే జల్లెడలో వేసి కడగాలనిపించింది ఆమెకు.

రైతుల సభలో పెట్టే బొమ్మ కోసం సారు ఆ మడిలోంచి పొడుగు వేరున్న మొక్క తెమ్మన్నాడు. ఆ మడిలో పొడుగు వేళ్లు లేవంది.

"ఎక్కడో ఒకచోట నుంచి తే."

అంతవరకు తెలివితక్కువవాడనే అనుకుంది. దొంగ కూడానని అప్పుడు తెలిసింది.

గట్టు మీద ఊదగడ్డి అనే కలుపు మొక్కను లోతుగా తవ్వి తీసింది. అది చూడ్డానికి వరిలాగే ఉంటుంది గానీ, ఒక్క రోజు కలుపు తీసినవాడెవడూ మోసపోడు. శ్రద్ధగా కడిగి పళ్లెంలో పెట్టింది. సారు మురిసిపోయి ఫొటో తీయించాడు.

సభకు ఖాళీ గోనెసంచితో వెళ్లిన తమ్ముడు ఖాళీ సంచితోనే ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"విత్తనాలేవిరా?"

"గోడంత బొమ్మ పెట్టాడక్కా. ఊదగడ్డిని చూపించి వరి అంటున్నాడు. ముందు వరసలో వాళ్లం లేవగానే అందరూ లేచొచ్చేశారు."

"అన్నేళ్లు చదివాడుగా."

తమ్ముడు తల దించుకున్నాడు. "నీళ్ల వంతు ఎవరికీ ఇవ్వడం లేదక్కా," అన్నాడు.

సభ ఎందుకు ఖాళీ అయిందో సారుకు నేటికీ తెలియదు. ఈ మొద్దు రైతులకు విజ్ఞానం ఎక్కదని తేల్చేశాడు. ఆ బొమ్మకు అద్దం కట్టించి తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు. రోజూ పొద్దున్నే దాని దుమ్ము తుడిచేది బురదక్కే.