కోనాం పచ్చడికి మూడు పేర్లు

డైరీ ఫార్మ్ పేటలో సరోజిని చేపల పచ్చడి పెడుతోందంటే ఆ ఘుమఘుమకు వీధంతా తెలిసిపోతుంది. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబం. ఆమె పుట్టిందీ పెరిగిందీ పోర్ట్ బ్లెయిర్‌లోనే. భర్త పోలిరాజు పడవలో తెచ్చిన చేపల్లో మంచివి ఏరి ఆమె పెట్టే పచ్చడిని మొదట్లో ఇరుగుపొరుగే కొనుక్కునేవాళ్లు. తర్వాత జెట్టీ దగ్గర దానయ్య కొట్టులో సీసాలు పెట్టింది. కోడలు సుష్మ వచ్చాక ఫోన్‌లోనూ అమ్మకం మొదలైంది.

ఇంటి దగ్గర కొనేవాళ్లకు అది కోనాం పచ్చడి. టూరిస్టులకు అర్థం కావాలని దానయ్య 'సుర్మయీ అచార్' అని చీటీ అంటించాడు. ఫోన్‌లో సుష్మ 'వంజరం పచ్చడి' అని పెట్టింది. కోనాం, సుర్మయీ, వంజరం మూడూ ఒకే చేప పేర్లు. కారం సంగతీ అంతే. కొట్టులో 'తక్కువ కారం', ఫోన్‌లో 'మంచి ఘాటు'.

ఒక ఆదివారం కళ్యాణి వచ్చింది. ఆ మధ్యే విజయనగరం నుంచి వచ్చి ఇక్కడి బడిలో టీచరుగా చేరింది.

"ఆంటీ, మీ పచ్చళ్లు మూడు రకాలూ కొని నిన్న భోజనానికొచ్చినవాళ్లకి వడ్డించాను. సుర్మయీదే గొప్పని కొందరు, వంజరమే అని మా ఆయన. ఒకటే వాదన! ఆ సుర్మయీ ఇంకో రెండు సీసాలివ్వండి."

సరోజిని నోరెళ్లబెట్టింది. "ఓలమ్మ! మూడు రకాలేటమ్మా? అంతా ఒక్క బేసిన్‌లో కలిపిన పచ్చడే!"

కళ్యాణి గుమ్మం మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. సరోజినీ నవ్వింది గానీ, ఆమె వెళ్లాక మనసు ఊరుకోలేదు. తెలియకుండానే మోసం చేసినట్టయిందే అనిపించింది. సాయంత్రం కోడల్ని వెంటబెట్టుకుని దానయ్య కొట్టుకు వెళ్లింది.

"భయ్యా, అన్నిచోట్లా ఒకటే పేరుండాల. కోనాం అని రాసీ."

"కోనాం అంటే టూరిస్టుకేటి తెలుస్తాది దీదీ? ఇక్కడ సుర్మయీ హీ చల్తా హై, ఆ పేరుకే అమ్ముడవుతాది."

"వంజరం తీసేస్తే ఫోన్‌లో వెతికేవోళ్లకి మనం కనపడం అత్తా," అంది సుష్మ.

సరోజిని కొట్టులోని సీసా ఒకటి చేతిలోకి తీసుకుంది. "అయితే ప్రతి సీసా మీదా మూడు పేర్లూ రాద్దాం. ఫోన్‌లోనూ అలాగే. కారం ఎక్కువనే రాయండి."

"అలా రాస్తే కొందరు కొనరు దీదీ."

"మానీమను. కొన్నాక ఏడిచేకన్నా నయం కాదేటి?"

దానయ్య నవ్వి ఒప్పుకున్నాడు. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం అంతగా రాని సుష్మ, అత్త చెబుతుంటే అక్షరం అక్షరం కూడబలుక్కుని చీటీ తయారుచేసింది. ఇకమీదట ఏ మార్పయినా ముందు ఆ చీటీలో చేసి, దాన్నే అందరికీ పంపాలని అనుకున్నారు.

వానలు మొదలయ్యాక కోనాం దొరకలేదు. పోలిరాజు ట్యూనా తెచ్చాడు. ముక్కలు వేగుతుండగానే సరోజిని కోడల్ని కేకేసింది. "అమ్మాయ్, ముందు చీటీ మార్చు. తర్వాతే సీసాలు!"

పచ్చడి చల్లారేలోగా ఫోన్‌లో పేరు మారింది, దానయ్యకు కొత్త చీటీ అందింది. కోనాం కోసం వచ్చినవాళ్లు కొందరు వెనక్కి వెళ్లారు. చాలామంది ట్యూనా రుచీ చూద్దామని తీసుకున్నారు. సాయంత్రానికి సీసాలన్నీ అయిపోయాయి.

"మనకొక్కటీ ఉంచలేదేటి?" అన్నాడు పోలిరాజు దిగాలుగా.

సరోజిని అడుగున పచ్చడి అంటుకున్న బేసిన్‌లో వేడన్నం వేసి, నూనె వేసి కలిపింది. కొడుకునీ కోడల్నీ పిలిచి అందరికీ ముద్దలు పెట్టింది.