మునిరత్నం సారు అరికాళ్ళు

మునిరత్నం సారు పోయినారు. వేలూరు నుంచి కబురు మోసుకొచ్చిన మనిషి గుడియాత్తం బస్టాండులో దిగి, నా చెప్పుల కొట్టు ముందర నిలబడినాడు. అతను నోరు తెరవకముందే నాకు అర్థమైపోయింది. చేతిలోని రబ్బరు ముక్క అట్లే పట్టుకొని కూర్చుండిపోయినాను. మహనీయులు అస్తమిస్తే ఆకస్మిక మరణం అని రాస్తారు. ఇది ఆకస్మికం కాదు. మృత్యువు నెలనెలా మా తరగతికి వచ్చి, మా నడుమే కూర్చొని పోతా ఉండింది. మేమే గుర్తుపట్టలేదు.

సారును ఎరగనివాళ్ళకు చెప్తాను. ఆయన వేలూరులో ఫిజియోథెరపిస్టు. కుష్ఠు వల్లా, చక్కెర జబ్బు వల్లా స్పర్శ పోయిన కాళ్ళను కాపాడటం ఆయన విద్య, ఆయన తపస్సు. నెలకొక శనివారం గుడియాత్తం వచ్చి, నేతగాళ్ళ సంఘం హాల్లో, పుండ్లకు కట్లు కట్టే డ్రెస్సర్లకూ, ల్యాబు వాళ్ళకూ, చదువుకునే పిల్లలకూ విద్యాదానం చేసేవారు. రోగులకు మెత్తటి చెప్పులు కుట్టేవాణ్ణి నేను, నన్నూ కూర్చోబెట్టినారు. తల నెరిసినాక నాచేత అక్షరాలు దిద్దించింది ఆయనే. ఈ నాలుగు ముక్కలు ఆయన భిక్ష.

పట్టా పుచ్చుకున్ననాడే చదువు ముగిసిందనుకునే వాళ్ళంటే ఆయనకు మంట. "సర్టిఫికెట్టు పాల మాదిరప్పా. మళ్ళీ మళ్ళీ కాచకుంటే విరిగిపోతాది," అనేవారు. ఈమధ్య వేలూరు వీధుల్లో స్కాను సెంటర్లు వెలిసినాయి, ఫారిన్ యంత్రాలు దిగినాయి, మా క్లాసు పలచబడింది. సీనియర్ డ్రెస్సరు గోవిందు ఒకసారి అననే అన్నాడు: "ఇంక మిషనే అన్నీ చెప్తాది గదా సారూ, మనకెందుకీ క్లాసు?"

సారు నవ్వలేదు. "ముందర పెట్టిందే మిషను చూస్తాది నాయనా. ఏది పెట్టాల్నో ఎవురు చూస్తారు?"

ఆ మాట ఎవరి మీదికి రాబోతా ఉందో అప్పుడు ఆయనకూ తెలియదు.

క్లాసుకు ఒక నియమం ఉండేది. రోగిని తాకేముందు మేము ఒకరి కాళ్ళు ఒకరం పరీక్షించుకోవాల. ఒకరు కళ్ళు మూసుకుంటే, ఇంకొకరు సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడ తాకుతారు. తగిలినప్పుడల్లా "ఆ" అనాల. అందరం జతలు జతలుగా చేసుకునేవాళ్ళం. సారుకు మాత్రం జత లేదు. క్లాసు అయినాక వరసగా వంగి ఆయన పాదాలకు మొక్కి లేచేవాళ్ళం. ఆ పాదాల అడుగు ఏ శిష్యుడూ చూడలేదు.

ఒకసారి కాట్పాడి స్టేషన్లో దిగి నడుస్తా ఉంటే ఆయన ఎడమకాలి చెప్పు ఊడి వెనకే పడిపోయింది. ఆయన నడుస్తానే ఉన్నారు. "సారూ, మీ చెప్పు ఊరికి రానంటాది!" అని గోవిందు ఎగతాళి చేసినాడు. సారు కూడా నవ్వినారు. చెప్పు జారినా తెలియకపోవడం స్పర్శ పోయినదానికి గుర్తని మాకు నేర్పిందే ఆయన. అదే రోగి అయితే పట్టేసేవాళ్ళం. గురువు గదా, పరధ్యానం అనుకున్నాము.

కొన్నాళ్ళకు పట్టీ తెగిందని ఆ చెప్పు నా చేతికిచ్చినారు. లోపల తడిమితే మేకు మొన తగిలింది. చుట్టూ నెత్తురు ఎండి నల్లబడి ఉండింది.

"సారూ, ఇది గుచ్చుకోలేదా?"

"ఏది?"

మేకు మొన ఆయనకు చూపించినాను. ఆయన మొహం పాలిపోయింది. "క్లాసులో అనొద్దప్పా," అన్నారు.

"అంటాను," అన్నాను.

ఆ శనివారమే అన్నాను, సారు కాళ్ళు ఎవరైనా చూడండని. గోవిందు నా మీదికి లేచినాడు. "ఏమన్నా, వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదే నీకు! గురువు కాళ్ళకు పోగు పెట్టేదా?" ఎవరూ కదల్లేదు. అప్పుడు అణైకట్ నుంచి కొత్తగా చేరిన విద్యార్థిని కళావతి పోగు తీసుకొని వచ్చి ఆయన ముందర నేల మీద కూర్చునింది.

"కళ్ళు మూసుకోండి సారూ."

మూసుకున్నారు. బొటనవేలు, చిటికెనవేలు, ముంగాలు, మడమ. హాలంతా ఆ ఒక్క "ఆ" కోసం ఊపిరి బిగబట్టింది. ఒక కాలు అయిపోయింది, రెండో కాలూ అయిపోయింది. ఎడమ మడమ కింద పుండు చూసి ఆ పిల్ల పోగు కింద పెట్టింది.

సారు కళ్ళు తెరవకుండానే అడిగినారు: "ఏమ్మా, ఇంకా మొదలుపెట్టలేదా?"

ఆయన కళ్ళు తెరిచి మా మొహాలు చూసినారు. తర్వాత ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "కనుక్కున్నావు తల్లీ. ఇట్లే చెయ్యాల," అన్నారు. అదే ఆయన మాకు చెప్పిన కడపటి పాఠం.

చక్కెర జబ్బు ఆయనలో ఎన్నాళ్ళు దాగి ఉండిందో దేవుడికే తెలుసు. వేలూరులో కాలు తీసినారు. పుండు విషం అప్పటికే ఒంట్లోకి ఎక్కింది.

సంతాప సభ అదే హాల్లో జరిగింది. పూలదండలు, ఉపన్యాసాలు, కన్నీళ్ళు, అన్నీ ఐనాయి. సారు ఆస్పత్రి పాలైనప్పటినుంచి మా జతల పరీక్ష ఆగిపోయి ఉండింది. "పెద్దవాళ్ళంతా చెప్పులిడిచి బెంచీ మీద కూర్చోండి, కళావతి చూస్తాది," అన్నాను. "ఈ పొద్దు వద్దులే అన్నా, సారు పటం ముందర బాగుండదు," అన్నాడు గోవిందు. ఒక్కొక్కరే పటానికి మొక్కి వెళ్ళిపోయినారు.

సారూ, మీ వంటి గురువు మాకు మళ్ళీ దొరకడు. ఆ మొక్కిపోయినవాళ్ళలో ఎవరి అరికాలు చచ్చి ఉండాదో నాకు తెలియదు. వాళ్ళకూ తెలియదు.