తల కనబడని ఫోటో

మంగళవారం పొద్దున మా పెదనాన్న పోయారు. మలేసియాలో, ఇపో ఊళ్లోని తన ఫ్లాట్‌లో, పెద్దమ్మ ఇచ్చిన కాఫీ చల్లారేలోపే.

ఈ దేశం తరఫున తొలినాళ్లలో రగ్బీ ఆడిన మనిషి ఆయన. రబ్బరు తోట కూలీల కొడుకేమిటి, విదేశీ జట్లతో ఆడడమేమిటి అంటారు మనవాళ్లు. నమ్మకపోతే పోండి. ఆ చెవులు చూసి ఉండాల్సింది మీరు. స్క్రమ్‌లో నలిగి నలిగి పిండిముద్దల్లా అయిపోయాయి.

స్క్రమ్ అంటే ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది తలలు దించి, భుజాలు ఆనించి తోసుకోవడం. ముందు వరుసలో నడిమి చోటు పెదనాన్నది. చెరో పక్క ఉన్న మనిషి మీద చేతులు వేసి, దాదాపు వేలాడుతూ, కాలితో బంతిని వెనక్కి లాగాలి.

"పక్కోడు సెయ్యి ఒగ్గీసినాడనుకో, నా మెడ ఇరిగిపోద్ది. ఒక్కనాడూ ఒగ్గలేదురా" అనేవారు.

ఆట అయ్యాక జెర్సీ తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేశారు. తర్వాత బతుకంతా లారీ నడిపారు. మిగిలింది ఒక్క పేపరు ముక్క. అందులోనూ స్క్రమ్ ఫోటోయే, ఆయన వీపు తప్ప ఏమీ కనబడదు. నాకు ఒళ్లు మండేది.

"నీ మొహం కూడా మిగల్చలేదు పెదనాన్నా!"

"మొకమెందుకురా? పెళ్లిసూపులకి ఎల్లినానేటి?"

నిరుడు, ఆయన్ని అడక్కుండానే, మలయ్ భాషలో పత్రికకి ఒక వ్యాసం రాశాను. ఆయన్ని మరిచిపోయారని ఆట పెద్దల్ని తిట్టాను. తప్పులేదు, ఇప్పుడైనా తిడతాను. కానీ ఆ ఊపులో ఇంకో మాట కూడా రాశాను: కలిసి ఆడినవాళ్లు సైతం చెయ్యి వదిలేశారని.

అది అబద్ధం. స్క్రమ్‌లో ఆయన కుడిపక్కన ఆడిన మలయ్ మిత్రుడు ఏటా హరిరాయకి, అంటే రంజాన్ పండక్కి, కోడి రెండాంగ్ కూర పట్టుకొచ్చేవాడు. నేనూ తిన్నాను.

వ్యాసం వచ్చాక ఆ పండక్కి ఆ మిత్రుడు రాలేదు.

"ఆడేటి సేసినాడురా నీకు? ఫోను సేసి తప్పయిపోనాదని సెప్పు" అన్నారు పెదనాన్న.

నేను వ్యక్తుల గురించి కాదు, వ్యవస్థ గురించి రాశానని వాదించాను. గంటసేపు. చివరికి ఆయన "సరేలే, నువ్వు సదూకున్నోడివి" అని ఊరుకున్నారు. గెలిచాననుకున్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు ఆయన. నేనూ ఫోను చెయ్యలేదు.

అంత్యక్రియలకు మన పెద్దలు దండలతో వచ్చి "మన తెలుగు బిడ్డ" అన్నారు. బతికుండగా ఆ ఆటను కుమ్ములాట అని నవ్వినవాళ్లే. కడిగేద్దామని నోరు తెరిచాను. అప్పుడే ఆ మిత్రుడు చేతికర్రతో మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. పక్కకి జరిగి దారిచ్చాను.

చాలాసేపు పెదనాన్న ముఖం చూసి, నా వైపు తిరిగి మలయ్‌లో అన్నాడు: "చెయ్యి వదిలేశామన్న మాట అతనిదనుకున్నాను. అందుకే రాలేకపోయాను."

"కాదు. నాది" అన్నాను. ఏడాది కింద ఫోనులో అనాల్సిన రెండు మాటలు. అనమని చెప్పిన మనిషి చాప మీద ఉన్నారు.

పెద్దమ్మ లోపలికి వెళ్లింది. బీరువాలోంచి ఆ పేపరు ముక్క తెచ్చి ఆ మిత్రుడి చేతిలో పెట్టింది. ఆయన వేలితో ఒకచోట చూపించాడు. ఇన్నేళ్లూ కనబడని తలనే వెతికిన నేను అక్కడ ఎన్నడూ చూడలేదు. పెదనాన్న వీపు మీద, కుడివైపు నుంచి వచ్చిన ఒక చెయ్యి. పిడికిట్లో జెర్సీ గుడ్డ, గట్టిగా, ముడతలు పడి.